బాగానే పనిచేస్తున్న భాగాలు మార్చాలా? డస్టర్ డీజిల్ టైమింగ్ బెల్ట్ లిస్టు మీద నా అభిప్రాయం

ముందుగా మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తాను. నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. మీది 2014 డస్టర్ డీజిల్, 85 పీఎస్ ఇంజిన్. 96,000 కిలోమీటర్లు తిరిగింది. ఖమ్మం నుంచి నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తారు. ఇంజిన్‌లో ఏ తేడా లేదు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, పొగ లేదు, మైలేజీ తగ్గలేదు. టైమింగ్ బెల్ట్ కొన్నప్పటి నుంచి మార్చలేదు. మెకానిక్ ఇచ్చిన లిస్టులో బెల్ట్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా పట్టే కప్పీ), వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బెల్ట్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్ సీల్, థర్మోస్టాట్, ఇంజిన్ మౌంటింగ్, గ్లో ప్లగ్గులు, నాలుగు ఇంజెక్టర్లు, టర్బో క్లీనింగ్ ఉన్నాయి. మొత్తం లక్ష దాటింది. మీ బావగారేమో "నడుస్తున్న ఇంజిన్‌ని కెలకొద్దు, ఏది పోతే అది మార్చుకుందాం" అంటున్నారు. బండిని ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకోవాలని మీ ఆలోచన. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

లిస్టులో పై సగం వరకు మెకానిక్ చెప్పింది కరెక్టు. కింది సగం విషయంలో మీ బావగారిది కరెక్టు. గీత ఎక్కడ గీయాలో, ఎందుకు అక్కడే గీయాలో చెప్తాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఇలాంటి లిస్టు మీకు రేపు ఇంకో బండికీ వస్తుంది.

నేను ఇరవై ఏళ్లు వాయుసేనలో ఇంజిన్ ఫిట్టర్‌గా చేశాను. బయటికి వచ్చాక పన్నెండేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను. ఎక్కువగా డీజిల్ కార్లే చూస్తాం. మీ డస్టర్‌లో ఉన్న 1461 సీసీ కే9కే ఇంజిన్ నాకు బాగా అలవాటైనదే. టెరానో, సన్నీ డీజిల్, లాడ్జీ, వెరిటో డీజిల్ అన్నింట్లోనూ ఉన్నది ఈ ఇంజినే.

"పనిచేస్తోంది" అన్న మాట ఈరోజు సంగతి మాత్రమే చెప్తుంది. రేపటి సంగతి చెప్పాలంటే ఆ భాగం ఎలా పోతుందో తెలియాలి. కొన్ని భాగాలు పోయే ముందు నెలల తరబడి చెప్తాయి: సౌండ్ చేస్తాయి, కారతాయి, స్టార్టింగ్‌లో ఇబ్బంది పెడతాయి. కొన్ని ఆఖరి నిమిషం దాకా మౌనంగా ఉండి ఒక్కసారిగా పోతాయి. నేను ముందు చూసేది అదే. ఆ తర్వాత, అది పోతే దాంతోపాటు ఇంకేం పోతుందో చూస్తాను. మళ్లీ దాని దగ్గరికి చేరాలంటే ఎంత విప్పాలో కూడా చూస్తాను. ఇవి తెలిస్తే చాలావరకు నిర్ణయం తేలిపోతుంది. పార్టు ఖరీదు చివర్లో చూసుకోవచ్చు. చాలామంది ఖరీదుతోనే మొదలుపెట్టి ఇబ్బంది పడతారు.

ఇప్పుడు బెల్ట్ సంగతి. మీ ఇంజిన్‌లో ఆ ఒక్క బెల్టే క్యామ్‌షాఫ్ట్‌ని (వాల్వుల్ని తెరిచే ఇరుసుని), హై ప్రెషర్ డీజిల్ పంపుని, వాటర్ పంపుని తిప్పుతుంది. హైవే మీద ఇంజిన్ 2,400 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో వాల్వు సెకనుకు 20 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తెరుచుకున్న వాల్వు ఉన్న చోటికే పిస్టన్ పైకి వస్తుంది. అది వచ్చేలోపు వాల్వు పక్కకు తప్పుకుంటుందనే నమ్మకం మీదే ఇంజిన్ నడుస్తోంది. ఆ నమ్మకం నిలబెట్టేది బెల్ట్. అది తెగినా, నాలుగు పళ్లు ఊడినా క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఆగవు. వాల్వులు వంగుతాయి. అవి ఉండే ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, లేపాలి. వాల్వులు, గైడ్లు, ఒక్కోసారి క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు కూడా మార్చాలి. బిల్లు మీకిచ్చిన లిస్టుతో ఆగదు. పైగా అది ఇంటి ముందు జరగదు, సూర్యాపేట దగ్గర లారీల మధ్య ఓవర్‌టేక్ చేస్తుండగా జరుగుతుంది.

మీ బెల్ట్ ఇప్పటికి ఎంత తిరిగిందో లెక్క వేద్దాం. సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు, సగటున 1,800 ఆర్‌పీఎం అనుకుంటే 96,000 కిలోమీటర్లకు 2,400 గంటలు. అంటే క్రాంక్ సుమారు 26 కోట్ల చుట్లు తిరిగింది. అది కాక 11 వేసవులు. ఇంజిన్ పక్కనే మూత కింద ఉండే రబ్బరు అది. బయట 45 డిగ్రీలుంటే లోపల ఎంత వేడి ఉంటుందో మీరే ఊహించండి. బండి కదలకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. బెల్ట్‌కి కిలోమీటర్లతో పాటు ఏళ్ల పరిమితి కూడా పెట్టేది అందుకే, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. మీ సర్వీస్ బుక్ తీసి చూడండి. కిలోమీటర్ల సంగతి ఎలా ఉన్నా, 11 ఏళ్ల బెల్ట్ మీద నేనైతే మా ఇంటివాళ్లను ఎక్కించను.

"మూత తీసి చూస్తే తెలియదా?" అని అడుగుతారు. పగుళ్లు, అంచు పోగులు లేవడం, ఆయిల్ తడి కనిపిస్తే వెంటనే మార్చాలని తెలుస్తుంది. కనిపించకపోతే బాగుందని మాత్రం తెలియదు. బెల్ట్‌లో బరువు మోసేది లోపలి ఫైబర్ దారాలు, పళ్ల మొదట్లో ఉండే గుడ్డ పొర. అవి అలసిపోయిన సంగతి పై రబ్బరు చెప్పదు. నల్లగా, మెత్తగా, కొత్తదానిలా కనిపించిన బెల్ట్‌ని చేత్తో వెనక్కి వంచితే పన్ను మొదట్లో వెంట్రుకంత గీత బయటపడడం నేను చాలాసార్లు చూశాను. ఇంజిన్ మీద బిగించి ఉన్నప్పుడు ఆ గీత కనపడదు.

కాబట్టి బెల్ట్ మార్చాలి, అందులో చర్చ లేదు. మీ బావగారిని కూడా ఈ ఒక్క విషయంలో ఒప్పించండి. ఏది పోతే అది మార్చుకుందామన్న మాట ఆల్టర్నేటర్‌కి చెల్లుతుంది, ఈ బెల్ట్‌కి చెల్లదు.

అసలు సందేహం దాని చుట్టూ ఉన్నవాటి గురించి: టెన్షనర్, వాటర్ పంపు. ఈ రెండూ మీ బండిలో ఇప్పుడు బాగానే ఉండొచ్చు. టెన్షనర్‌ని విప్పి వేలితో తిప్పితే నున్నగా తిరగొచ్చు కూడా. కానీ అది సీల్ వేసిన బేరింగ్. లోపల గ్రీజు ఫ్యాక్టరీలో ఎంత పెట్టారో అంతే, మళ్లీ పెట్టే వీలు లేదు. కొత్త బెల్ట్ వేస్తున్నామంటే ఇంకో 26 కోట్ల చుట్లకు సిద్ధం చేస్తున్నామని. పాత గ్రీజు అంత దూరం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. బేరింగ్ బిగుసుకుపోతే కొత్త బెల్ట్ కూడా తెగుతుంది. అందుకే బెల్ట్, టెన్షనర్ కలిపి కిట్‌గా అమ్ముతారు. కిట్‌గానే తీసుకోండి.

వాటర్ పంపు సంగతి ఒక అనుభవం ద్వారా చెప్తాను. ఏడెనిమిదేళ్ల కిందట నూజివీడు వైపు నుంచి ఒక మాస్టారి బండిని టో చేసి మా షెడ్డుకి తెచ్చారు. డస్టర్ కాదు గానీ, అందులోనూ వాటర్ పంపుని తిప్పేది టైమింగ్ బెల్టే. "పోయిన ఏడాదే బెల్ట్ మార్పించానండీ, బిల్లు కూడా ఉంది" అని జేబులోంచి మడత కాగితం తీసి చూపించారు. నిజంగానే మార్చారు. బెల్ట్ మంచి కంపెనీది, వేసి పద్నాలుగు నెలలు. మూత విప్పగానే కాలిన రబ్బరు వాసన గుప్పున వచ్చింది. లోపలంతా నల్లటి పొడి. బెల్ట్ తెగలేదు. ఒకచోట పది పన్నెండు పళ్లు మాత్రం గొరిగేసినట్టు నున్నగా అయిపోయాయి. వాటర్ పంపు పుల్లీని చేత్తో తిప్పబోతే కదల్లేదు. పంపు అడుగున కూలెంట్ కారి ఎండిన తెల్లటి చార ఉంది. చాలా రోజుల నుంచి కొద్దికొద్దిగా కారుతోంది. బేరింగ్‌లోకి నీళ్లు దిగి, తుప్పు పట్టి బిగిసిపోయింది. బెల్ట్ మార్చిన రోజు ఆ పంపు బాగానే పనిచేస్తోంది. డబ్బు మిగులుతుందని వదిలేయమన్నది మాస్టారే. చేసినవాళ్లు ఆయన మాట విన్నారు. ఎనిమిది వాల్వులూ మార్చాం, హెడ్ లేత్‌కి పంపాం. ఆయన ఆ రోజు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని బిల్లు కాగితాన్ని మడుస్తూ విప్పుతూ ఉండడం ఇంకా నా కళ్లకు కడుతోంది.

ఆ పంపు కొద్దిపాటి లీకేజీతో ముందే చెప్పింది నిజమే. కానీ ఆ చార పడింది మూత వెనకాల, ఎవరికీ కనపడని చోట. చెప్పే భాగమైనా మనకు వినపడే చోట ఉండాలి కదా. మీ డస్టర్‌లోనూ పంపు ఉండేది అక్కడే. దాన్ని మార్చాలంటే బెల్ట్ విప్పాల్సిందే. ఇప్పుడు వదిలేసి రెండేళ్ల తర్వాత మార్చాలంటే ఈ లేబర్ అంతా మళ్లీ కట్టాలి, అప్పుడు ఇంకో కొత్త బెల్ట్ కూడా వేయాలి. ఒకసారి తిరిగిన బెల్ట్‌ని తీసి మళ్లీ ఎక్కించడం మంచి పద్ధతి కాదు. పంపు ఖరీదుని ఆ లెక్క పక్కన పెట్టి చూడండి.

పంపు మారుస్తుంటే కూలెంట్ ఎలాగూ పోతుంది, కొత్తది పోయించండి. సర్వీస్ బుక్‌లో చెప్పిన రకమే కొని, డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. మన బోరు నీళ్లు మాత్రం వద్దు. ఉప్పు నీళ్లు పోసిన ఇంజిన్లలో పంపు రెక్కలు చీమలు తిన్నట్టు అయిపోయి బయటికొస్తాయి. నింపాక సిస్టమ్‌లోంచి గాలి తీశారో లేదో అడగండి.

ఆల్టర్నేటర్ బెల్ట్‌ని, అంటే మనం ఫ్యాన్ బెల్ట్ అనే దాన్ని, మామూలు బండిలో అయితే పగుళ్లు చూసి వదిలేయమనేవాణ్ని. ఈ ఇంజిన్‌లో మాత్రం మార్చమంటాను. ఇది క్రాంక్ పుల్లీ మీద, టైమింగ్ మూతకు ఆనుకుని తిరుగుతుంది. పాతబడి పోగులు పోగులుగా చీలితే ఆ పోగులు పుల్లీ వెనకనుంచి టైమింగ్ బెల్ట్ కిందికి చేరి పళ్లు తప్పించగలవు. కే9కే ఇంజిన్ల మీద పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఈ పనికి ఎలాగూ దాన్ని విప్పాలి, లేబర్ అదనంగా పడదు. దాని టెన్షనర్ ఊగుతున్నా, గరగరమన్నా అదీ మార్చేయండి, లేదంటే ఉంచేయండి.

మీ లిస్టులో లేనిది ఒకటి నేను కలుపుతాను: క్రాంక్ పుల్లీ బోల్టు. దాన్ని టార్క్ రెంచ్‌తో బిగించి, ఆ పైన డిగ్రీల లెక్కన ఇంకొంత తిప్పుతారు. అలా బిగించే బోల్టు కొంచెం సాగి పట్టుకుంటుంది. ఒకసారి సాగినదాన్ని మళ్లీ వాడకూడదు. లిస్టులో అన్నిటికంటే చవకైన వస్తువు ఇది, అందుకే ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడిదాకా మెకానిక్ పక్షం. మిగతా లిస్టుకి వెళ్లేముందు వాయుసేనలో నేను నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. అక్కడ భాగాలు రెండు రకాలు. కొన్నిటికి లైఫ్ ఉంటుంది. గంటలు నిండితే అద్దంలా మెరుస్తున్నా తీసి పక్కన పెట్టాల్సిందే, ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు. మిగతావి ఆన్ కండిషన్. వాటిని పరీక్షిస్తాం, కొలుస్తాం, రాసుకుంటాం, కొలత దాటితేనే తీస్తాం. కొత్తగా చేరినప్పుడు నాకు అన్నీ మార్చేయడమే భద్రత అనిపించేది. సీనియర్లు అది తప్పని చెప్పేవారు. దానికి ఆధారం కూడా ఉంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నోలన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వయసు పెరిగేకొద్దీ పాడయ్యే అవకాశం పెరిగేవి విమాన భాగాల్లో 11 శాతమేనని అందులో తేలింది. 68 శాతం భాగాలు బిగించిన కొత్తలోనే ఎక్కువగా ఫెయిలవుతాయి, ఆ గండం దాటితే వయసుతో వాటికి పెద్దగా సంబంధం ఉండదు. కారు విమానం కాదు, ఆ అంకెల్ని డస్టర్‌కి అలాగే అంటగట్టను. కానీ విషయం మీ లిస్టుకి బాగా పనికొస్తుంది. రబ్బరు బెల్ట్, గ్రీజు నింపిన బేరింగ్, పంపు సీల్ అరిగిపోయే జాతి. ఇంజెక్టర్లు, సెన్సర్ల లాంటివి చాలావరకు ఆ రెండో జాతి. పదకొండేళ్లుగా కుదురుగా పనిచేస్తున్నదాన్ని తీసి కొత్తది పెడితే, దాటేసిన గండాన్ని మళ్లీ కొని తెచ్చుకున్నట్టే.

క్రాంక్ ఆయిల్ సీల్ దగ్గర ఆగి ఆలోచించాలి, ఇక్కడ నేనే ఒకసారి తప్పు చేశాను. షెడ్డు పెట్టిన రెండో ఏడు. బెల్ట్ పనికి వచ్చిన బండిలో ముందు క్రాంక్ సీల్ పొడిగా, చుక్క తడి లేకుండా ఉంది. అయినా "ఎలాగూ విప్పాం కదా, వందల్లో పోయేదానికి ఎందుకు వదలడం" అని మార్చాను. అది టెఫ్లాన్ పెదవి ఉన్న సీల్. దానికి నూనె రాయకూడదు, పొడిగానే, గైడ్ టూల్‌తో నిటారుగా ఎక్కించాలి. నా దగ్గర ఆ టూల్ లేదు. రబ్బరు సీల్‌కి రాసినట్టు నూనె రాసి, సాకెట్ పెట్టి తట్టాను. మూడు వారాలకు బండి తిరిగొచ్చింది. సీల్ ఒకవైపు కారుతోంది, ఆ ఆయిల్ కొత్త బెల్ట్ మీద పడుతోంది. ఆయిల్ తాగిన బెల్ట్ నిలవదు. సీల్, బెల్ట్, లేబర్ అన్నీ నా చేతి డబ్బుతో మళ్లీ చేశాను. ఆ బండి ఓనరు ఏమీ అనలేదు, అదే నాకు ఇంకా బాధగా అనిపించింది. నేను ముట్టుకోకపోతే ఆ పాత సీల్ ఇంకో ఐదేళ్లు వచ్చేదేమో.

అందుకని మీ బండికి నా సలహా ఇది. మూత తీశాక టార్చ్ వేసి సీల్ చుట్టూ చూడమనండి, మీరూ చూడండి. ఏమాత్రం తడి ఉన్నా మార్చాలి, ఎందుకంటే దాని కిందే కొత్త బెల్ట్ తిరగబోతోంది. పూర్తిగా పొడిగా ఉండి, మెకానిక్ దగ్గర సరైన టూల్ కూడా ఉండి, ఈ ఇంజిన్‌కి చాలా సీల్స్ వేసిన చేయి అయితే మార్చినా మంచిదే. టూల్ లేకపోతే పొడిగా ఉన్న సీల్‌ని వదిలేయమనండి. క్యామ్ సీల్‌కీ అంతే. ఈ ఒక్క భాగం విషయంలో సమాధానం మీ బండి కంటే పనిచేసే మనిషి మీద ఎక్కువ ఆధారపడుతుంది.

గ్లో ప్లగ్గులు వద్దు. ఖచ్చితంగా వద్దు. అవి చలిలో స్టార్ట్ అవడానికి సిలిండర్‌ని వేడెక్కించేవి. మన వాతావరణంలో అవి చేసే పనే తక్కువ, ఒకటి పోయినా ఖమ్మం చలికి బండి స్టార్ట్ అవుతుంది. పోయినప్పుడు ఇంకేదాన్నీ పాడుచేయవు. పైనుంచి అందుబాటులోనే ఉంటాయి, టైమింగ్ పనితో సంబంధం లేదు. 11 ఏళ్లుగా హెడ్‌లో మసితో అతుక్కుపోయిన ప్లగ్గుని విప్పబోతే సగంలో విరగొచ్చు. విరిగిన ముక్క లోపలుంటే దాన్ని తీయడానికి ఒక్కోసారి హెడ్ లేపాల్సి వస్తుంది. ఏ లోపం లేని చోట హెడ్ పని తెచ్చుకోవడం ఎందుకు? అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో చూడమనండి. బాగున్న ప్లగ్గు ఒక ఓమ్ దగ్గర చూపిస్తుంది. పోయినది సర్క్యూట్ కట్ అయినట్టు చూపిస్తుంది. విప్పనక్కర్లేకుండా రెండు నిమిషాల్లో తేలుతుంది.

ఇంజెక్టర్లదీ అదే దారి, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. మీ లిస్టు లక్ష దాటింది వీటివల్లే. ఇంజెక్టర్లు పోయే ముందు బాగా చెప్తాయి: పొద్దున స్టార్టింగ్ ఆలస్యం, ఐడ్లింగ్‌లో కుదుపు, డీజిల్ కొట్టుడు సౌండ్, నల్ల పొగ, మైలేజీ తగ్గడం. మీకు ఒక్కటీ లేదు. అంతకంటే గట్టి మాట కావాలంటే రిటర్న్ టెస్ట్ చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజిన్‌ని కొద్ది నిమిషాలు నడిపి, ఏ సీసాలో ఎంత డీజిల్ చేరిందో చూస్తారు. నాలుగూ దాదాపు సమానంగా ఉంటే ముట్టుకోవద్దు. ఒక సీసాలో మిగతావాటికంటే బాగా ఎక్కువ వస్తే ఆ ఒక్కదాన్ని టెస్ట్ బెంచ్‌కి పంపాలి. హై ప్రెషర్ లైన్ విప్పడమే ఒక రిస్క్. షెడ్డులో గాలికి ఎగిరే దుమ్ము రేణువు ఒకటి లోపలికి పోయినా బాగున్న ఇంజెక్టర్ పాడవుతుంది. కొత్తది వేస్తే దాని మీది కోడ్‌ని స్కానర్‌తో ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, ఎక్కించాలి, అది చేయకుండా బండి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఫిల్టర్‌ని మాత్రం సమయానికి మారుస్తూ ఉండండి. ఇంజెక్టర్లకు మీరు చేయగలిగిన మేలు అదే.

టర్బో క్లీనింగ్ అవసరం లేదు. పికప్ బాగుంది, విజిల్ సౌండ్ లేదు, ఆయిల్ తాగడం లేదు అంటే టర్బో బాగానే ఉంది. ఆయిల్ సమయానికి మార్చండి, చాలు.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే కవాటం) విషయంలో రెండు వైపులా చెప్పొచ్చు. కూలెంట్ ఎలాగూ దింపుతున్నారు, 11 ఏళ్ల వస్తువు. స్కానర్ పెట్టి ఇంజిన్ ఎంతసేపట్లో వేడెక్కుతోందో, హైవే మీద టెంపరేచర్ నిలకడగా ఉందో చూడమనండి. నిలకడగా ఉంటే నేను వదిలేస్తాను. మీరు మార్చుకుంటానన్నా కాదనను. దానికంటే రేడియేటర్ హోస్‌ల మీద దృష్టి పెట్టండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్లాంపుల దగ్గర నొక్కి చూడండి. ఉబ్బినా, మెత్తబడినా, పగిలినా మార్చేయండి. రోడ్డు మీద బండి వేడెక్కి ఆగిన కేసుల్లో థర్మోస్టాట్ కంటే హోస్‌ల వల్ల వచ్చినవే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

ఇంజిన్ మౌంటింగ్ సంగతి తేలిక. ఈ ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ దాకా వెళ్లాలంటే ఇంజిన్ కింద జాకీ పెట్టి కుడివైపు మౌంటింగ్ విప్పాల్సిందే. అప్పుడు అది మీ చేతిలోనే ఉంటుంది. రబ్బరు చీలిందా, కుంగిందా చూడండి. చీలితే కొత్తది, లేకపోతే అదే మళ్లీ బిగించడం. అడ్వాన్సుగా కొని పెట్టుకోవద్దు.

కొత్త పార్టు అన్నప్పుడు ఏ కొత్తది అన్నది కూడా ముఖ్యం. పాత ఒరిజినల్ భాగం తీసి డూప్లికేట్ వేస్తే, ఆ డబ్బు పెట్టి బండిని పాడుచేసుకున్నట్టే. నేను పదేళ్ల నాటి ఒరిజినల్ టెన్షనర్‌ని, అదే కంపెనీ డబ్బాలో వచ్చిన నకిలీ కొత్త టెన్షనర్‌ని పక్కపక్కన పెట్టి తిప్పి చూశాను. పాతదే నున్నగా తిరిగింది. కొత్తదానిలో గ్రీజు తడే లేదు. కంపెనీ పార్టు గానీ, గేట్స్, కాంటిటెక్, డేకో, ఐఎన్‌ఏ, ఎస్‌కేఎఫ్ లాంటి పేరున్న కిట్ గానీ, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి. డబ్బా మీది పార్ట్ నంబరు, బెల్ట్ మీద అచ్చయిన నంబరు సరిపోవాలి. అక్షరాలు గోరుతో గీకితే ఊడిపోతుంటే తిరిగి ఇచ్చేయండి. బెల్ట్‌ని మడిచి, మెలితిప్పి చూపించే కుర్రాళ్లుంటారు. వాళ్లను ఆపండి. లోపలి దారాలు అలా మడిస్తేనే దెబ్బతింటాయి.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు గొడవ పెట్టుకోకండి. అన్నీ రాసిన ప్రతివాడూ మోసగాడు కాదు. రేపు ఏదైనా పోతే "నువ్వే చేశావు" అంటారన్న భయంతో కూడా లిస్టు పెంచుతారు, ఆ భయం నాకూ తెలుసు. "ఇవి మార్చండి, ఇవి చూసి చెప్పండి, ఇవి వద్దు, వద్దన్నది నేనే" అని వాట్సాప్‌లో రాసి పంపండి. ఆయనకూ టెన్షన్ ఉండదు, మీకూ లెక్క ఉంటుంది. ఇంకో మాట కూడా అడగండి: టైమింగ్ లాకింగ్ పిన్నులు ఉన్నాయా? ఈ ఇంజిన్‌లో క్రాంక్‌ని, క్యామ్‌ని పిన్నులతో లాక్ చేసి బెల్ట్ ఎక్కించాలి. కొందరు పాత బెల్ట్ మీద, పుల్లీల మీద వైట్‌నర్‌తో గుర్తులు పెట్టి, కొత్త బెల్ట్ మీద అవే గుర్తులు దింపి ఎక్కిస్తారు. పాత బెల్ట్ ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పు కొత్తదానికీ వస్తుంది. పిన్నులు లేవంటే వేరే షెడ్డు చూసుకోండి. బిగించాక సెల్ఫ్ కొట్టే ముందు క్రాంక్‌ని పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా దిగుతున్నాయో చూడాలి. ఆ రెండు చుట్లలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగిపోవచ్చు, వాల్వులకు ఏమీ కాదు. సెల్ఫ్ కొట్టి చూసుకుందామనే మనిషికి బండి ఇవ్వకండి. కుదిరితే ఆ సమయానికి మీరే దగ్గరుండండి.

పాత భాగాలన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఇమ్మనండి. పంపు తీసుకుని షాఫ్ట్ పక్కన ఉండే చిన్న రంధ్రం చూడండి. దాని కింద తెల్లగానో, పచ్చగానో ఎండిన చార ఉంటే మీ పంపు ఇప్పటికే కారడం మొదలుపెట్టిందని. లేకపోతే అది ఇంకొన్నాళ్లు వచ్చేదేమో. అయినా మార్చినందుకు బాధపడకండి. దాన్ని చూడ్డానికి ఇంకో దారి లేదు. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ కింద అంటించమనండి.

పని అయ్యాక మొదటి వారం రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ లెవెల్ చూడండి. లోపల మిగిలిన గాలి బయటికొచ్చి కొంచెం తగ్గడం మామూలే. రోజూ తగ్గుతూనే ఉంటే తిరిగి చూపించండి. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక కింద అట్ట ముక్క పరిచి ఒక రాత్రి బండి నిలిపి, ఆయిల్ చుక్కలేమైనా పడ్డాయేమో చూడండి.

దసరాకి పిల్లలతో హైదరాబాద్ వెళ్లాలని రాశారు. ఆ ప్రయాణం బెల్ట్ పడ్డాకే పెట్టుకోండి. ఈలోగా ఊళ్లో పనులకు బండి తీయక తప్పకపోతే మెల్లగా నడపండి. స్టార్ట్ చేయగానే ఇంజిన్ కుడివైపు నుంచి కీచుమన్న సౌండ్ గానీ, గరగర గానీ వినిపిస్తే ఆపేయండి. షెడ్డుదాకా నడుపుకుంటూ వెళ్లకుండా టో చేయించండి.